తలకోనలో 300 రూపాయలు



మేము ప్రొద్దుటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్నాం. మాలో సుగాలీలు, ఎరుకలోళ్లు, యానాదులు ఉన్నాం. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. పేర్లెందుకులే, హాస్టల్లో పిలుచుకున్నట్టు ఊర్లతోనే చెప్తాం.

పెన్నలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ చూసినోళ్లం మేము. జమ్మలమడుగోడికైతే గండికోట లోయ ఇంటి పెరడు లెక్క. అయినా పైనుంచి పడే నీళ్ల కింద తల పెట్టింది లేదు. అందుకే పోయిన కార్తీకంలో 11 మందిమి మనిషికి 700 వేసుకుని, వ్యాన్ మాట్లాడుకుని తలకోనకు పోయినాం. కొందరు అప్పు చేసి కట్టినారు.

తెల్లారుజామున 3 గంటలకు ఎక్కితే కడప, గువ్వలచెరువు ఘాట్, రాయచోటి, పీలేరు, భాకరాపేట, నెరబైలు దాటి తలకోన. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర దండం పెట్టుకుని నడక మొదలుపెట్టినాం. చిత్రాన్నం, శెనక్కాయల ఊరిబిండి గోనెసంచిలో కట్టుకుని వంతులేసుకుని భుజాన మోస్తున్నాం.

అప్పుడే వెనకనుంచి పిలుపు. ఒక కుటుంబం. పెద్ద సంచులు, నీళ్ల క్యాను, కాళ్లు నొప్పులతో ఒక అవ్వ. ఆయన మమ్మల్ని పైనుంచి కింది దాకా చూసి, "ఏమబ్బా, ఇవి జలపాతం దాకా మోస్తారా? 300 ఇస్తా" అన్నాడు.

ఆ దోవలో మా వయసు పిల్లోళ్లు ఇంకా చానామంది ఉన్నారు. వాళ్లనెవరినీ అడగలే. మా రంగు చూసినాడో, గోనెసంచి చూసినాడో. మేం నోరు తెరిచేలోపలే పులివెందులోడు "ఇయ్యన్నా" అని సంచులు భుజానికెత్తుకున్నాడు. ఇంకో చేత్తో అవ్వను పట్టుకున్నాడు.

పైకి పోయినాక అంతా మర్చిపోయినాం. 270 అడుగుల ఎత్తునుంచి నీళ్లు! మన రాష్ట్రంలో ఇదే ఎత్తైన జలపాతమంటారు. చల్లదనానికి పళ్లు టకటకలాడినాయి. మాలో ఉన్న యానాది తమ్ముడు చెట్టు చెట్టుకూ పేరు చెప్తుంటే, ఆ పెద్ద గిల్లతీగ దగ్గర వేరేవాళ్లు గూడ ఆగి విన్నారు. పుస్తకంలో లేని పాఠం వాళ్ల తాత నేర్పినాడంట.

తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్లో గొడవ. జమ్మలమడుగోడు మొదలుపెట్టినాడు: "డిగ్రీ చదివేది మూటలు మోయడానికా? మనల్ని చూస్తానే కూలోళ్లనుకున్నాడు. నువ్వు అవునని చూపించినావు."

ఇంకొకడు 2015 సంగతి తెచ్చినాడు. ఆ ఏప్రిల్ 7న ఇదే శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో తమిళనాడు కూలోళ్లు 20 మంది చనిపోయినారు. వాళ్లలో జవ్వాది కొండల ఆదివాసులు గూడ ఉన్నారు. "మోసేవాడి ప్రాణానికి ఈ అడవిలో ఉండే విలువ అంతే" అన్నాడు. వ్యాన్లో ఎవరూ మాట్లాడలే.

అప్పుడు పులివెందులోడు చెప్పినాడు: "మా నాయన చీనీకాయల లారీలకు మోత మోసి నాకు ఫీజు కట్టినాడు. మోసేది తప్పంటే ఆయన్ని తప్పన్నట్టే. నాకు గూడ ఆయన చూసిన చూపు నచ్చలే. కానీ అవ్వ నడవలేకపోతాంది. నేను తెచ్చిన 700 అప్పు. ఏం చేసేది?"

జమ్మలమడుగోడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. వాళ్ల అమ్మ గూడ ప్రొద్దుటూరులో పత్తి మూటల కాడ పని చేస్తాదని మాకందరికీ తెలుసు.

గువ్వలచెరువులో వ్యాన్ ఆపి పులివెందులోడు 100 పెట్టి పాలకోవా కొన్నాడు. మిగతా 200 అప్పుకు పెట్టుకున్నాడు. అందరం తిన్నాం. జమ్మలమడుగోడు మాత్రం ముట్టలే. వాని భాగం కాగితంలో చుట్టి వాని ట్రంకుపెట్టె మీద పెట్టినాం. పొద్దున లేచి చూస్తే కాగితం ఖాళీగా ఉంది. మేమెవరమూ అడగలే.

ఇద్దరి మాటా మాకు న్యాయంగానే తోస్తాది. పోయేవాళ్లకు ఒక మాట: బండలు జారతాయి, మడుగుల్లో లోతు తెలీకుండా దిగొద్దు, కోతులుంటాయి, సద్ది భద్రం. ఇంక మీరైతే ఆ సంచులు ఎత్తుకునేవాళ్లా, లేదా? పెద్దోళ్లు, చిన్నోళ్లు అందరూ చెప్పండి.