ఏది ముందు తీరును?

బొబ్బట్లు చేయునపుడు పూర్ణపుటుండలు పండ్రెండును, పిండియుండలు పదునైదును ఉన్నచో బొబ్బట్లు పండ్రెండే యగును. మిగిలిన పిండిని పూరీలుగా వత్తుకొందుము. పూర్ణము బరువా, పిండి బరువా యని యెవరును అడుగరు. ఉండల లెక్కయే లెక్క. రసాయనశాస్త్రమున ఇట్లు ముందుగా తీరిపోయి పనిని నిలిపివేయు పదార్థమునకు పరిమిత కారకమని పేరు. సోదరీమణులు పేరు విని బెదరవలదు.

మా పొరుగింటి బాలిక ఇంటరు మొదటి సంవత్సరమున ఈ ప్రకరణముకడనే చిక్కుకొనినది. రెండు పరీక్షలు తప్పగా, సైన్సు మాన్పించి వేఱు శాఖలో చేర్పింతమని తండ్రిగారు దరఖాస్తు వ్రాసి యుంచిరి. "పిన్నిగారూ, తక్కువ తూగినదే ముందు అయిపోవును గదా! నా లెక్క యేల తప్పైనది?" అని యా పిల్ల కన్నీరు పెట్టుకొనెను. మేము ఇంటిలో కావ్యములు, వ్యాకరణము చదివినవారమే కాని బడికి పోయినవారము కాము. ఐనను వంటయింట తక్కెడ యున్నది గదా. మావారు లెక్క కట్టి యిచ్చిరి, చేయించినది మేము.

ఒకే పరిమాణము గల సీసాలు ఐదు. ఒక్కొక్కదానిలో 50 మిల్లీలీటర్ల వెనిగరు. అది నూటికి ఐదు పాళ్లు ఆమ్లము గలది గనుక సీసాకు రెండున్నర గ్రాముల ఆమ్లము. తక్కినది ఇంచుమించు నీరే. ఐదు రబ్బరు బుడగలలో వరుసగా 1, 2, 3, 4, 5 గ్రాముల వంటసోడా పోసి, సీసామూతులకు తొడిగి, బుడగలనెత్తి సోడాను లోనికి జార్చితిమి. (బుడగలను ముందే యొకసారి ఊది సాగదీయవలెను. వానికి మాఱుగా బిరడా బిగింపరాదు, సీసా పగులును.) నురుగు పొంగి బొగ్గుపులుసు వాయువు బుడగలను నింపెను. మొదటి మూడును క్రమముగా పెద్దవైనవి. నాలుగవది మూడవదానికంటె కొంచెమే పెద్దది. ఐదవది నాలుగవదానితో సమానము! పిల్ల దారముతో చుట్టుకొలత చూచి, నమ్మక మరల చూచెను.

అటుపిమ్మట బుడగలను తీసివేసితిమి. ఐదవ సీసా యడుగున మిగులు సోడా కానరాలేదు, నీటిలో కరగియున్నది. కనబడనిదానిని అడిగి తెలిసికొనవలెను. చిటికెడు సోడా వేయగా అంతగా కదలిక లేదు. చెంచాడు వెనిగరు పోయగనే బుస్సుమనెను. మూడవ సీసాలో ఇందుకు విపర్యయము: సోడాకే పొంగెను. అనగా అచట ఆమ్లము మిగిలియున్నది. దానిలో వేసిన సోడా మూడు గ్రాములు, ఆమ్లము రెండున్నరయే. ఐనను ముందు తీరినది బరువైన సోడాయే!

"బొబ్బట్ల సంగతియే తల్లీ" యంటిమి. సోడా యుండ 84 పాళ్లు తూగును, వెనిగరు ఆమ్లపుటుండ 60 పాళ్లు, ఒకదానికొకటి జత. కావున రెండున్నర గ్రాముల ఆమ్లమునకు మూడున్నర గ్రాముల సోడా సరిపోవును. ఆపైన ఎంత వేసినను వాయువు ఇంచుమించు ఒక లీటరునకు మించదు. ఈ కొలతల శాస్త్రమునకు 1792లో జర్మను పండితుడు రిక్టరు పేరు పెట్టెనని మావారు చెప్పిరి. పిల్ల అది విన్నట్లు లేదు. పుస్తకము తీసి, తప్పిన లెక్కను మొదటినుండి చేయుచుండెను.

మఱునాడు తానే వచ్చి, నిమ్మరసమున పులుపెంతయో ఇట్లే కనుగొనవచ్చునా యని యడిగినది. నిమ్మపులుసు ఉండ యొక్కటికి సోడా యుండలు మూడు కావలెనట. నాటినుండి మా పెరటిచెట్టున కాయ నిలుచుట లేదు. దరఖాస్తు మాత్రము ఇంకను వారి బల్లమీదనే యున్నది.