మామూలు చావుల లెక్క

జూన్ 9

పదకొండింటికి ఆన్‌లైన్ మీటింగు. క్వార్టర్లో సిగ్నల్ అందదు కనక ఎప్పట్లాగే బండేసుకుని ఘాట్ మలుపు దాకా వెళ్లి, కాఫీ తోట గట్టు మీద కూర్చున్నాను. విషయం: జీవాయుధాల ముప్పు, మన సన్నద్ధత. తెర నిండా తెల్ల సూట్లు, మాస్కులు, బూట్లు. చివర్లో ఒక ఫారం పంపారు. "మీ వద్ద ఉన్న పీపీఈ కిట్ల సంఖ్య" అన్న గడిలో సున్నా రాసి, కోవిడ్ నాటివి రెండు అటక మీద ఉన్నాయని గుర్తొచ్చి 2 అని దిద్దాను. అందులో ఒకదాన్ని ఎలుకలు కొట్టేసిన సంగతి రాయడానికి గడి లేదు.

ప్రమాదకర క్రిముల జాబితాలో ఆంత్రాక్స్ మొదటి వరసలో ఉంది. పక్కన కూర్చుని వింటున్న మా సహాయకుడు, "అంటే మన దొమ్మేనా సార్?" అన్నాడు. మన దొమ్మే అన్నాను. "మరి ఇన్నాళ్లూ మనకి సూట్లెందుకియ్యలేదు?" అన్నాడు. నవ్వొచ్చింది. సమాధానం మాత్రం రాలేదు.

2001 గుర్తొచ్చింది. అప్పుడు తిరుపతిలో వెటర్నరీ చదువుతున్నాను. హాస్టల్ టీవీలో రోజూ అమెరికా, తెల్లపొడి కవర్లు. ఫ్లోరిడాలో పత్రిక ఫొటో ఎడిటరు రాబర్ట్ స్టీవెన్స్ అక్టోబరు 5న పోయాడు. మొత్తం 22 మందికి జబ్బు, ఐదుగురు మృతి. దాదాపు పదివేల మందిని ముందుజాగ్రత్తగా 60 రోజుల పాటు మందు మింగమన్నారు. సిప్రోఫ్లాక్సాసిన్ పేరు అప్పుడే లోకమంతా మోగింది. ఇక్కడ మా ఊరి మెడికల్ షాపులో అది విరేచనాలకిచ్చే మామూలు మాత్ర. "అనంతపురం గొర్రెల కాపరికి తెలిసిన జబ్బురా అది" అని మా మాస్టారు అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

జూన్ 11, రాత్రి

తొలకరి పడి వారం. పొద్దున్నే ఫోను: ఫలానా గూడెంలో మేకలు పడిపోతున్నాయి. తారురోడ్డు ఆగిపోయిన చోట బండి పెట్టి మూడు కిలోమీటర్లు నడిచాం. పది రోజుల్లో ఐదు పోయాయట. నాలుగింటిని కోసి పోగులు పెట్టుకున్నారు, ఇరవై ఆరు గడపలకీ వాటా. ఐదోది పనసచెట్టు కింద అలాగే ఉంది. ఇద్దరు కుర్రాళ్లు రాళ్లు పట్టుకుని కుక్కల్ని తోలుతున్నారు. వాళ్లని అక్కడ కాపలా పెట్టిందెవరో కనుక్కుంటే, ఊరి ఆశా కార్యకర్త. పీపీఈ గురించి ఆవిడేమీ వినలేదు. చచ్చిన మేకని ముట్టుకోవద్దని మాత్రం తెలుసు.

కడుపు అప్పుడే ఉబ్బింది. కాళ్లు బిగుసుకోలేదు. ముక్కులోంచి వచ్చిన రక్తం కారుతూనే ఉంది తప్ప గడ్డ కట్టలేదు. ఇంతకన్నా చూడక్కర్లేదు. చేతికి రెండు జతల గ్లౌజులు వేసుకుని, చెవి కొసన గాటు పెట్టి ఒక్క బొట్టు గాజుపలక మీదికి తీశాను. గాటు మీద దూది అదిమి కట్టాను. ముక్కులో, నోట్లో, వెనక కూడా దూది కుక్కాం. కోయకూడదు, ఈడవకూడదు. శవం మూసి ఉంటే లోపలి క్రిమి కుళ్లులో చచ్చిపోతుంది. కత్తి పెడితే గాలి తగులుతుంది. గాలి తగిలితే అది పెంకు కట్టుకుని మట్టిలో దాక్కుంటుంది. ఆ పెంకునే మేము స్పోరు అంటాం. స్కాట్లండులో గ్రూయినార్డ్ అని చిన్న దీవి ఉంది. 1942లో బ్రిటిష్‌వాళ్లు అక్కడ గొర్రెల మీద ఆంత్రాక్స్ బాంబులు పరీక్షించారు. 1986లో 280 టన్నుల ఫార్మాల్డిహైడును సముద్రపు నీళ్లలో కలిపి నేలంతా తడిపితే, 1990లో గానీ ఆ దీవి మీద మామూలు జనాన్ని అడుగు పెట్టనివ్వలేదు. ఒక్క యుద్ధం చేసిన పని అది. ఇక్కడ ఒక్క కత్తి చాలు.

గొయ్యి ఆరడుగులు. మూడడుగులకే రాయి తగిలింది. గడ్డపారలు మార్చి మార్చి తవ్వేసరికి సాయంత్రం నాలుగు. సున్నం పోయాలా వద్దా అని మా సహాయకుడికీ నాకూ వాదం. పాత మాన్యువల్ పోయమంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 పుస్తకం వద్దంటుంది, కాల్షియం స్పోర్లకి మేలే చేయొచ్చని. పోయలేదు. ముళ్లకంప కప్పి, పైన రాళ్లు పేర్చాం.

పెద్దాయన ఒకడు, "పిడుగు పడింది బాబూ, దొమ్మా కాదు, గిమ్మా కాదు" అన్నాడు. ఐదు పిడుగులా అని అడగబోయి మానేశాను. పిడుగైతే తినొచ్చు. దొమ్మ అయితే పారెయ్యాలి. ఏ పేరు పెట్టుకోవాలో ఆకలికి తెలుసు.

జూన్ 12

ఆఫీసులో ఒక్కడినే. పాత మిథిలిన్ బ్లూ, కిటికీ పక్క మైక్రోస్కోపు. లెన్సు కింద నీలం కడ్డీలు, కొసలు కత్తిరించినట్టు చదునుగా, ఒకదానికొకటి ఆనుకుని వెదురు కణుపుల్లా. చుట్టూ లేత గులాబీ రంగు పొర. పుస్తకంలో బొమ్మ ఉన్నట్టే ఉంది. నిజానికి పుస్తకంలో ఇంత బాగుండదు.

1876లో రాబర్ట్ కోఖ్ కనిపెట్టింది వీటి బతుకే. ఫలానా జబ్బుకి ఫలానా క్రిమి అని మొదటిసారి రుజువైంది దీంతోనే. ఫ్లోరిడాలో కూడా ఇలాగే బయటపడింది. లారీ బుష్ అనే డాక్టరు స్టీవెన్స్ వెన్నునీటిని మైక్రోస్కోపులో చూసి, ఇవి ఇక్కడ ఉండాల్సినవి కావని అనుమానపడ్డాడు. పెద్ద పెద్ద యంత్రాలన్నీ ఆ తర్వాతే కదిలాయి.

జూన్ 13

శాంపిలు పైల్యాబుకి చేర్చాలి. మూడు డబ్బాలు ఒకదాంట్లో ఒకటి, మధ్యలో దూది, పైన ఐసు పెట్టె. డిపార్టుమెంటు జీపు రిపేర్లో ఉంది, కనక ఆర్టీసీ బస్సే. ఘాట్ దిగినంతసేపూ పెట్టె ఒళ్లోనే. పక్కసీటు పెద్దావిడ, "టిఫినా బాబూ?" అంది. మందులమ్మా అన్నాను. మొన్నటి మీటింగులో పదకొండో స్లైడు, ప్రమాదకర నమూనాల రవాణా భద్రత. అది చూపించిన అధికారి ఈ బస్సెక్కి ఉంటే బాగుండేది.

చీటీ మాత్రం నాలుగుసార్లు సరిచూసుకున్నాను. దానికో కారణం ఉంది. 2001 కవర్లలోని రకాన్ని ఏమ్స్ స్ట్రెయిన్ అంటారు. ఏమ్స్ అయోవాలోని ఊరు. కానీ ఆ క్రిమి దొరికింది 1981లో టెక్సాస్‌లో చచ్చిన ఒక ఆవులో. అక్కడి ల్యాబు దాన్ని సైన్యం పరిశోధన కేంద్రానికి పంపినప్పుడు వాడిన పెట్టె మీద ఏమ్స్ చిరునామా అచ్చేసి ఉంది. అదే పేరైపోయింది. ఎక్కడో ఒక పశువుల డాక్టరు, నాలాగే, ఒక చచ్చిన పశువు దగ్గర కూర్చుని సీసాలోకి తీసిన రక్తం. ఇరవై ఏళ్ల తర్వాత అది కవర్లలోకి ఎక్కింది. ఆ సైనిక పరిశోధన కేంద్రంలోనే పనిచేసిన శాస్త్రవేత్త బ్రూస్ ఐవిన్స్ ఈ పని చేశాడని ఎఫ్‌బీఐ తేల్చింది. విచారణకి ముందే, 2008లో అతను ఆత్మహత్య చేసుకున్నాడు. క్రిమిని దొంగిలించడానికి బయటినుంచి ఎవరూ రాలేదు. తాళంచెవి ఉన్నవాడి మీదే వేలు చూపించారు.

జూన్ 15

పీహెచ్‌సీ డాక్టరమ్మతో కలిసి గూడెం వెళ్లాను. చిన్నపిల్ల, మొదటి పోస్టింగు, చురుకైంది. ఇంటింటికీ తిరిగి చేతులు చూపించమంది. ముగ్గురికి పుండ్లు. తోలు తీసినతని ముంజేతి మీద రూపాయి బిళ్లంత, చుట్టూ వాపు, నడుమ నల్లటి పక్కు, అచ్చం బొగ్గు ముక్క అతికించినట్టు. ఆంత్రాక్స్ అంటే గ్రీకులో బొగ్గే. "ఎన్నాళ్లయింది?" అంటే వారమన్నాడు. ఆస్పత్రికి ఎందుకు రాలేదంటే, "నొప్పి లేదు కదమ్మా" అన్నాడు.

ఈ పుండు మోసం అదే. నొప్పి ఉండదు. మందు పడితే తగ్గిపోతుంది. పడకపోతే ఐదుగురిలో ఒకరి దాకా ప్రాణం పోవచ్చు. మాత్రలు అక్కడికక్కడే ఇచ్చింది. తిన్నవాళ్లందరి పేర్లూ రాసుకుంది.

అసలు చిక్కు మాంసం దగ్గర వచ్చింది. పొయ్యి మీద దండేనికి ఎండు కండలు వేలాడుతున్నాయి, ఏ ఇంట్లో చూసినా. పారెయ్యమంటే ఎవరూ కాదనరు, ఎవరూ తియ్యరు. ఒక ముసలమ్మ నన్ను వాకిట్లో నిలబెట్టి అడిగింది: "తొమ్మిదివేల ఏట అది. కోసి పంచితే నాలుగు డబ్బులొచ్చాయి. కప్పెట్టీమంతావు, కప్పెట్టెత్తాను. తొమ్మిదివేలు నువ్విత్తావా?"

ఇన్సూరెన్సు కట్టినవాళ్లకైతే ఏదో వస్తుంది. ఈ గూడెంలో ఒక్కరూ కట్టలేదు. నేను అటూ ఇటూ చూశాను. ఆవిడ నవ్వి లోపలికి వెళ్లి, కండలు గంపలోకి దింపి తెచ్చి నా ముందు పెట్టింది. ఎందుకు ఇచ్చిందో నాకు తెలీదు. నా మాట నమ్మి మాత్రం కాదు. బహుశా డాక్టరమ్మ ఆవిడ మనవరాలి చెయ్యి పట్టుకుని చూసిన తీరుకి.

జూన్ 18

ల్యాబు నుంచి మెసేజి: పాజిటివ్. తెలిసిందే.

రాత్రి కరెంటు లేదు, ఫోన్లో ముందే దించుకున్న స్వెర్ద్‌లోవ్‌స్క్ కథ చదివాను. 1979 ఏప్రిల్ 2న ఆ సోవియట్ నగరంలోని సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ స్పోర్లు గాల్లోకి లీకయ్యాయి. కనీసం 66 మంది పోయారు. ప్రభుత్వం చెప్పిన మాట: దొంగచాటు మాంసం తిని పోయారు. లోకంలో చాలామంది నమ్మారు కూడా. ఎందుకు నమ్మరు? ఆ చుట్టుపక్కల పశువులకి దొమ్మ మామూలే. అబద్ధాన్ని నిజమైన జబ్బు వెనక దాచారు.

దాన్ని బయటపెట్టింది ఎవరు? ఫైనా అబ్రమోవా అనే ఆస్పత్రి పాథాలజిస్టు. కేజీబీ వచ్చి రికార్డులన్నీ ఎత్తుకుపోయినా, శవాల నుంచి తీసిన కణజాలం ముక్కల్ని ఆవిడా తోటి డాక్టరు లెవ్ గ్రిన్‌బెర్గూ ఏళ్ల తరబడి దాచారు. దెబ్బ తగిలింది ఊపిరితిత్తుల దగ్గర, పీల్చిన రోగమని ఆ ముక్కలు చెప్పాయి. తర్వాత మాథ్యూ మెసెల్సన్ బృందం వెళ్లి, ఆ రోజు ఎవరెక్కడున్నారో ఇంటింటా అడిగి మ్యాపు గీసింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఒకే సన్నటి పట్టీలో, సైనిక కేంద్రం నుంచి దక్షిణానికి నాలుగు కిలోమీటర్ల మేర. అదే గీతని పొడిగిస్తే, యాభై కిలోమీటర్ల దాకా పల్లెల్లో పశువులు చచ్చాయి. ఆ రోజు గాలి వీచిన దిక్కు అదే. 1994లో అచ్చయింది.

అంటే పల్లెటూళ్లో చచ్చిన గొర్రె లెక్క ఒకటి ఎవరో రాసి ఉంచారు. అది లేకపోతే గీత సగంలో ఆగిపోయేది.

మా రిజిస్టరు తీశాను. పదేళ్లు వెనక్కి తిప్పాను. దొమ్మ అని రాసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "ఆకస్మిక మరణం", "పాముకాటు", "పిడుగు" మాత్రం పేజీకి రెండు. రేపెవడైనా నిజంగానే ఈ క్రిమిని వదిలితే, అది మామూలు రోగం కాదని కనిపెట్టేది ఎలా? వానలు లేని జనవరిలో, పశువే లేని వీధిలో, పుండు లేకుండా దగ్గుతో మనిషి పడిపోతే అనుమానపడాలి. కానీ మామూలు ఏదో తెలిసినవాడికే కదా, మామూలు కానిది కనిపించేది! మామూలు చావులనే దాచిపెట్టిన రిజిస్టరుకి ఏ ఉగ్రవాది దొరుకుతాడు?

తెల్ల సూట్లు వద్దనను. ఇస్తే వేసుకుంటాం. ఆ ముసలమ్మ తొమ్మిదివేలు ముందు.

జూన్ 19

వాన. ఏమీ లేదు. వాషింగ్టన్ పోస్టల్ ఉద్యోగుల గురించి మళ్లీ చదివాను. 2001 అక్టోబరు 15న సెనేటు ఆఫీసులో కవరు విప్పితే అక్కడివాళ్లకి వెంటనే మందులు ఇచ్చారు. ఆ కవరు యంత్రాల గుండా వెళ్లిన బ్రెంట్‌వుడ్ పోస్టల్ కేంద్రం ఇంకో ఆరు రోజులు నడుస్తూనే ఉంది. అక్కడి ఇద్దరు పోయారు. మూట మోసేవాడి వంతు ఎక్కడైనా చివర్నే.

జూన్ 22

ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాస్తాను. 2006, రాయలసీమలో మొదటి పోస్టింగు. ఒక రైతు ఎద్దు బీడు పొలంలో పడి చచ్చింది. పాముకాటన్నాడు. ఇన్సూరెన్సుకి పోస్టుమార్టం రిపోర్టు కావాలి, ఏజెంటు పక్కనే నిలబడ్డాడు. నేను చెవి చూడలేదు, ముక్కు చూడలేదు. కోసేశాను. ప్లీహం నేరేడుపండు రంగులో ఉబ్బి, వేలితో నొక్కితే చిదిగిపోయింది. రక్తం తారులా కారింది. అప్పుడు అర్థమైంది. కుట్టేసి, పాతిపెట్టించి, పది రోజులు నేనే మాత్రలు మింగాను. రిపోర్టులో నిజమే రాశాను. నేల సంగతి మాత్రం రాయలేదు. తర్వాతి ఏడు తొలకరికి అదే బీట్లో రెండు గొర్రెలు పోయాయి. అప్పటికి నాకు బదిలీ అయింది. కబురు మాత్రం అందింది.

ఆ బీడు సర్వే నంబరు నాకు నోటికొచ్చు. ఏ రిజిస్టర్లోనూ లేదు.

జూన్ 26

టీకా వచ్చింది. స్టెర్న్ రకం, 1930లలో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ తయారుచేసిన పై పొర లేని క్రిమి, ఇప్పటికీ అదే. మేకకి అర మిల్లీలీటరు, చర్మం కింద. ఇది బతికున్న టీకా. అందుకే పెన్సిలిన్ పొడిచిన మేకకి వెంటనే వేయకూడదు, మందు టీకాని చంపేస్తుంది. పోయినవారం పొడిచినవాటి చెవులకి ఎర్ర దారం కట్టించాను. సహాయకుడు కొత్త నోటుబుక్కు కొని తెచ్చాడు, తన డబ్బుతో. అట్ట మీద "దొమ్మ" అని స్కెచ్‌పెన్నుతో రాశాడు. మొదటి పేజీలో ఈ గూడెం ఐదు మేకలు, పనసచెట్టు గొయ్యి. రెండో పేజీలో రాయలసీమ బీడు సర్వే నంబరు నేనే రాశాను. రేపు అక్కడి డాక్టరుకి ఫోను చేయాలి.

గూడెంలో మేకలు 412. వచ్చినవి మూడు సీసాలు, సీసాకి నూరు డోసులు. మిగతా 112కి మళ్లీ ఇండెంటు రాశాను.