విరిగితే ఎక్కడ విరగాలి?

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ‘ఎండ్ ఆఫ్ సపోర్ట్’ అనే మాట కొత్తేం కాదు. తేదీ ముందే చెప్తారు. మైగ్రేషన్‌కి ఒక ప్రాజెక్టు పుడుతుంది, దానికో మేనేజరు, వారానికి రెండు మీటింగులు. తేదీ దాటిపోయాక కూడా పాత సర్వరు ఓ మూల నడుస్తూనే ఉంటుంది. దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదు. ఇదే మాట ఆటబొమ్మల విషయంలో వస్తే ఎలా ఉంటుందో నాకు 2024లో తెలిసింది.

స్టార్ వార్స్ ఎక్స్-వింగ్ అని బల్ల మీద ఆడే ఆట ఒకటుంది. ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ వాళ్ళు 2012లో తెచ్చారు. సినిమాలో కనిపించే ఫైటర్లే, 270వ వంతు సైజులో, రంగులు వేసిన ప్లాస్టిక్ బొమ్మలుగా వస్తాయి. మొదటి పెట్టెలో ఒక ఎక్స్-వింగ్, రెండు టై ఫైటర్లు. ఎటు తిరగాలో ఎవరికి వాళ్ళు డయల్ మీద రహస్యంగా పెట్టుకుని, తర్వాత ఒక్కొక్కటే బయటపెట్టి బొమ్మని కదపాలి. ఎదుటివాడి మనసులో ఏముందో ఊహించడమే అసలు మజా. 2018లో రెండో ఎడిషన్ వచ్చింది, 2020లో ఆట ఆటమిక్ మాస్ గేమ్స్ చేతికి వెళ్ళింది, 2024లో ఇక కొత్తవేవీ చెయ్యమని వాళ్ళు ప్రకటించేశారు. ఇప్పుడు రూల్సూ పాయింట్లూ ఆటగాళ్ళే చూసుకుంటున్నారు. అది బాగానే ఉంది. రూల్స్ ఎవరైనా రాసుకోవచ్చు. బొమ్మ విరిగితేనో?

నా దగ్గరున్న పదకొండు ఫైటర్లూ నేను కొన్నవి కావు. మా రూమ్మేటు 2016లో అమెరికా వెళ్తూ ఇచ్చి వెళ్ళాడు. “ఒరే, వీటిని షోకేసులో పెట్టావంటే ఊరుకోను. ఆడు. విరిగితే విరిగాయి” అన్నాడు. అప్పట్లో ఆ మాట తేలికే, విరిగితే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఇప్పుడు ఆ ధీమా లేదు. ఆఫీసులో ఒక కొలీగ్ అయితే, “గురూ, ఇక దొరకని సరుకది. గాజు పెట్టెలో పెట్టి తాళం వేసెయ్” అని సలహా ఇచ్చాడు. తప్పు సలహా ఏం కాదు. కానీ ఆడని ఆటబొమ్మ, వాడని వీణ లాంటిది. దుమ్ము దులపడానికే పనికొస్తుంది.

కాబట్టి ఆడాలి. ఆడితే విరుగుతాయి. అంచేత బాగుచెయ్యడం రావాలి.

విరిగేది ఎక్కువగా బొమ్మ కాదు, దాన్ని గాల్లో నిలబెట్టే స్టాండు. కింద ఒక పలక, దాని మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పుల్లలు, పై పుల్ల చివరున్న సన్నటి మొన బొమ్మ పొట్టలోని చిల్లులో బిగుతుగా దూరుతుంది. బొమ్మని నిటారుగా లాగకుండా కాస్త వంచి లాగామో, టిక్‌మని మొన విరిగి లోపలే ఉండిపోతుంది.

ఇలాంటప్పుడు చెయ్యి వెంటనే ఫెవిక్విక్ మీదకి పోతుంది. అక్కడే ఆగాలి. ‘ఏ జిగురు?’ అన్నది రెండో ప్రశ్న. మొదటిది ‘ఏ ప్లాస్టిక్?’ థర్మాకోల్ మీద పెట్రోలు చుక్క పడితే కరిగి బంకలా అయిపోవడం చూసే ఉంటారు. థర్మాకోల్ అంటే గాలి నింపిన పాలీస్టైరీనే. ఫ్రేములో వచ్చి మనమే విడదీసి అతికించుకునే వార్‌హామర్ లాంటి గట్టి బొమ్మలు కూడా అదే పాలీస్టైరీన్. వాటికి వాడే ప్లాస్టిక్ సిమెంటు నిజానికి జిగురే కాదు. రెండు అంచుల్నీ కాస్త కరిగించి ఒకదాన్లో ఒకటి కలిపేస్తుంది. ఆరాక అది అతుకు కాదు, ఒకటే ముక్క. కానీ మెత్తగా వంగే పీవీసీ బొమ్మల మీద దాని పప్పులు ఉడకవు. కంటికి కనపడని చోట ఒక చుక్క వేసి చూస్తే తెలిసిపోతుంది. ప్లాస్టిక్ మెత్తబడి జిగటగా అయితే పనిచేస్తుంది, లేకపోతే లేదు.

సూపర్ గ్లూ దాదాపు దేన్నైనా పట్టుకుంటుంది. గాలిలో తేమ తగిలితే గట్టిపడుతుంది, అందుకే మన వేళ్ళంటే దానికంత ప్రేమ. నేరుగా లాగితే ఓర్చుకుంటుంది గానీ, వంచినా కింద పడేసినా పుటుక్కున ఊడుతుంది. పైగా దాని ఆవిరి తగిలి పారదర్శకమైన ప్లాస్టిక్ చుట్టూ తెల్లగా మసక కమ్ముతుంది. 1942లో హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురిచూసుకునే పరికరాలకి పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఈ పదార్థం తగిలింది. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోందని అప్పట్లో పక్కన పెట్టేశారట. మార్కెట్లోకి 1958లో గానీ రాలేదు. పారదర్శకం కోసం వెతికితే దొరికినది, పారదర్శకాన్నే పాడుచేస్తుందన్నమాట!

లోపల ఇరుక్కున్న మొనని తియ్యడానికి జిగురు అక్కర్లేదు, ఓపిక కావాలి. ఇంజనీరింగ్ ప్రాజెక్టు కోసం పీసీబీకి చిల్లులు వేసిన వాళ్ళకి చేత్తో తిప్పే చిన్న డ్రిల్ తెలిసే ఉంటుంది. ఒక మిల్లీమీటరు బిట్‌తో ఆ మొన నడిమధ్యలో నెమ్మదిగా చిల్లు వేసి, అందులో సన్నటి స్క్రూ ఒకటి రెండు చుట్లు తిప్పి నిటారుగా లాగితే మొన బయటికొస్తుంది. కరెంటు డ్రిల్ వద్దు. ఆ వేగానికి పుట్టే వేడికి ప్లాస్టిక్ కరిగి కొత్త సమస్య మొదలవుతుంది.

సరే, మొన వచ్చింది. ఇప్పుడు కొత్త పుల్ల ఎలా పెట్టాలి? ఇక్కడే అసలు సంగతి ఉంది.

మనలో ఇంజనీరు ఉన్నాడే, వాడు వెంటనే “ఇక జన్మలో విరక్కుండా చేస్తా” అంటాడు. పుల్ల మధ్యలో ఇత్తడి తీగ, చుట్టూ అరల్డైట్, మొత్తం బొమ్మతో కలిపి బిగించెయ్యడం. చూడ్డానికి భేషుగ్గా ఉంటుంది. కానీ పాతకాలం ఇళ్ళల్లో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావుపాటి రాగి తీగ చుట్టేవాళ్ళు గుర్తున్నారా? ఫ్యూజు పోవడం ఆగిపోయేది. ఆ తర్వాత పోయేది ఫ్రిజ్జో, గోడలోని వైరింగో. ఇదీ అంతే. పుల్ల విరగదు కాబట్టి, తర్వాతిసారి బల్ల మీంచి పడ్డప్పుడు ఆ దెబ్బంతా బొమ్మ పొట్ట మీద పడి అక్కడ చీలుతుంది. పుల్ల పోతే అంతే మందం ఉన్న అక్రిలిక్ కడ్డీ కోసి ఇంకోటి చేసుకోవచ్చు. పొట్ట చీలిన ఫైటరుకి స్పేరు ఎక్కడుంది?

బాగుచెయ్యడమంటే విరక్కుండా చెయ్యడం కాదని నా అభిప్రాయం. తర్వాతిసారి ఎక్కడ విరగాలో మనం నిర్ణయించడం. చవకదీ, మళ్ళీ దొరికేదీ ముందు పోవాలి. ప్రొడక్షన్లో కూడా మనం చెయ్యాల్సింది ఇదే. డేటాబేసు కూలిపోయేదాకా రిక్వెస్టులన్నీ మోసే బదులు, ముందే కొన్నిటిని తిప్పి పంపేసే చోటు ఒకటి పెట్టుకుంటాం కదా.

ఇత్తడి తీగకి దాని చోటు దానికుంది. బొమ్మలోనే రెక్క ఊడితే అక్కడ తీగ పెట్టి బలంగానే అతికించాలి, ఎందుకంటే రెక్క మళ్ళీ పోకూడదు. వంగిపోయిన సన్నటి తుపాకీ గొట్టాలకైతే అసలు రిపేరే అక్కర్లేదు. మరుగు రాకముందే దింపిన వేడినీళ్ళలో కాసేపు ముంచి, వేలితో సరిచేసి, వెంటనే చన్నీళ్ళలో పెడితే అలాగే నిలబడతాయి. ఏదైనా చిన్న ముక్క పూర్తిగా పోతే పైపు లీకేజీకి వాడే ఎమ్‌సీల్ కలిపి ఆ ఆకారం చేసి, ఆరాక చెక్కుకోవచ్చు. షోకేసులో పెట్టే అక్రిలిక్ స్టాండు విరిగితే మాత్రం నేమ్‌ప్లేట్లు చేసే షాపుకి తీసుకెళ్ళండి. వాళ్ళు క్లోరోఫామ్‌తో అతుకు కనపడకుండా అతికిస్తారు. ఆ ఆవిరి పీల్చడం మంచిది కాదు, ఇంట్లో ప్రయోగాలు వద్దు.

పుల్లకి నేను ఎంచుకున్న దారి అయస్కాంతం. బొమ్మ పొట్టలో ఒక చిన్న నియోడిమియం బిళ్ళ, పుల్ల పైన ఇంకోటి. బొమ్మ నిలబడుతుంది, దెబ్బ తగిలితే ఊడి పడుతుంది, విరగదు. ఒక్క జాగ్రత్త: అన్ని బొమ్మలకీ ఒకే ధ్రువం కిందికి ఉండేలా ముందే గుర్తు పెట్టుకోవాలి. లేదంటే ఒక టీమ్ ఏపీఐ ఇంకో టీముకి పనికిరానట్టు, ఒక ఫైటరు ఇంకో స్టాండు మీద కూర్చోనని మొరాయిస్తుంది. చిన్నపిల్లలుంటే ఈ పని పెట్టుకోకండి. రెండు అయస్కాంతాలు మింగితే కడుపులో పేగుల్ని నొక్కి పట్టేస్తాయి, ప్రాణం మీదకి వస్తుంది.

పొట్టలో చిల్లు పెద్దది చేశాక ఇక అది కలెక్టర్ల సరుకు కాదు. మా కొలీగ్ ఆ మాట అన్నాడు కూడా, “రేటు పోగొట్టుకున్నావు” అని. నిజమే. కానీ అమ్మమని మా వాడు ఇవ్వలేదుగా, ఆడమని ఇచ్చాడు. పదకొండిట్లో తొమ్మిది ఇప్పుడు అయస్కాంతాల మీదే ఎగురుతున్నాయి. మిగతా రెండిటి పుల్లలు ఇంకా బాగానే ఉన్నాయి, అవి విరిగినప్పుడు చూద్దాం.

మీ దగ్గరా ఇలాంటివి ఉంటే, విరిగిన ముక్కలు మాత్రం పారెయ్యకండి. చిన్న డబ్బాలో వేసి ఉంచండి. కంపెనీ చేతులెత్తేశాక మనకి మిగిలే స్పేర్ పార్ట్స్ స్టోరు అదే.