తిరూరంగాడి నేర్పిన లెక్క

శబరి ఎక్స్‌ప్రెస్ కోయంబత్తూరు దాటి పోదనూరులో ఆగినప్పుడు కిటికీ పక్కన కూర్చొని తస్బీహ్ చదువుకుంటున్నాను. స్టేషన్ పేరు చూడగానే వేళ్ళు ఆగిపోయాయి. 1921 నవంబరులో ఆంగ్ల ప్రభుత్వం మాపిళ్ళ ఖైదీలను తిరూర్‌లో సరుకుల పెట్టెలోకి కుక్కి, మన సీమ సరిహద్దున ఉన్న బళ్లారి చెరసాలకు తరలించబోయింది. గాలి ఆడని ఆ పెట్టె తలుపులు తెరిచింది ఈ పోదనూరులోనే. అరవై మందికి పైగా ఊపిరాడక ప్రాణాలు కోల్పోయారు.

చరిత్ర పుస్తకాలు మరణించినవారిని లెక్కిస్తాయి. వారి ఇళ్ళలో మిగిలిన పిల్లల సంగతి ఏమైంది? నా ప్రయాణం ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి మొదలైనది కాదు. మా మద్రసాలో ఓనమాలు దిద్దిన ఒక విద్యార్థి చెమ్మాడ్‌లోని దారుల్ హుదాలో చదువుతున్నాడు. అతణ్ణి చూసి రావాలని బయలుదేరాను. అయితే జవాబు దారిలోనే ఎదురైంది.

పాలక్కాడ్‌లో బండి మారి మొదట కోళికోడ్ చేరుకున్నాను. అక్కడ వెళ్ళిమాడుకున్నులో జె.డి.టి. ఇస్లామ్ అనే యతీమ్‌ఖానా ఉంది. తిరుగుబాటు తరువాత మలబారులో దిక్కులేనివారైన పిల్లల కోసం 1922లో దీనిని నెలకొల్పింది పంజాబు ముస్లిములు. మౌలానా అబ్దుల్ ఖాదిర్ కసూరీ నాయకత్వంలోని జమీఅతె దావత్ ఒ తబ్లీగె ఇస్లామ్ అనే సంస్థ అది. ఆ పేరులోని మొదటి అక్షరాలే నేటి జె.డి.టి. ఇచ్చినవారి భాష వేరు, పుచ్చుకున్నవారి భాష వేరు. దేశానికి ఆ కొసనున్నవారు ఈ కొసనున్న బిడ్డల ఆకలిని తమదిగా భావించారు. నేడు ఆ ఆవరణలో పాలిటెక్నిక్, నర్సింగ్ కళాశాల కూడా నడుస్తున్నాయి.

మరునాడు బస్సులో తిరూరంగాడి వెళ్ళాను. అలీ ముస్లియార్ జ్ఞాపకాన్ని మోస్తున్న ఊరు అది. 1943లో కరువు, కలరా కలిసి మలబారును పీడించినప్పుడు కె.యం. మౌలవి, యం.కె. హాజీ వంటి పెద్దలు ఇక్కడ యతీమ్‌ఖానా స్థాపించారు. వారు పిల్లలకు అన్నం పెట్టి ఊరుకోలేదు. బడి కట్టారు. 1968లో ఆ యతీమ్‌ఖానా కమిటీయే కళాశాలను ప్రారంభించింది. దాని పేరు పోకర్ సాహిబ్ మెమోరియల్ ఆర్ఫనేజ్ కళాశాల. ఆ పేరు ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. సాధారణంగా అనాథ బిడ్డను ఊరిపిల్లల బడిలో ఒక మూల కూర్చోబెడతాము. ఇక్కడ ఊరిపిల్లలే అనాథల పేరుమీద వెలసిన కళాశాలకు వచ్చి చదువుకుంటున్నారు. ధనవంతుని కుమారుని పట్టాపై సైతం ఆ పేరు ఉంటుంది.

అస్ర్ నమాజు తరువాత మసీదు మెట్లపై ఒక విశ్రాంత ఉపాధ్యాయునితో మాట కలిసింది. నా ఉర్దూ, ఆయన అరబీ కలిపి ఇద్దరమూ నెట్టుకొచ్చాము. "గల్ఫ్ నుండి ఒకరు పంపుతారు, కొబ్బరితోట నుండి ఒకరు ఇస్తారు. ఇచ్చే చేతులు ఎన్నైనా ఉండవచ్చు. బిడ్డ లెక్క రాసే పుస్తకం మాత్రం ఒక్కటే ఉండాలి" అన్నారాయన.

ఆ మాట నన్ను సూటిగా తాకింది. మా ఊరిలో మూడు సేవాసంఘాలు ఉన్నాయి. గత రమజానులో మూడూ పేదల జాబితా కావాలని నన్నే అడిగాయి. ఒకే జాబితాను మూడుసార్లు రాసి సంతకం చేసి ఇచ్చాను. ఒక వితంతువు ఇంటికి మూడు బియ్యం సంచులు, మూడు దుప్పట్లు చేరాయి. ఆమె కుమార్తె మాత్రం ఏడవ తరగతితో చదువు మానేసింది. ఉన్నత పాఠశాల పొరుగూరిలో ఉంది, ఆటోకు డబ్బులు లేవు. నాకు ఆ సంగతి నెలల తరువాత తెలిసింది. "హజ్రత్, బియ్యం ఇచ్చారు, దుప్పట్లు ఇచ్చారు. ఆటో డబ్బులు ఎవరిని అడగాలో నాకు తెలియలేదు" అన్నది ఆ తల్లి.

తండ్రిలేని బిడ్డను కసరికొట్టేవానిని మావూన్ సూరా ధర్మాన్నే తిరస్కరించినవానిగా పేర్కొంటుంది. మేమెవరమూ ఆ బిడ్డను కసరలేదు. అయినా ఆమె బడి గడప బయటే ఉండిపోయింది. యతీముల ఆస్తిని వారికి అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోమని నిసా సూరా ఆదేశిస్తుంది. అంటే లెక్క చెప్పడం కూడా ఇబాదత్‌లో భాగమే. పుణ్యకార్యాలలో పరస్పరం సహకరించుకోమని మాయిదా సూరా చెబుతుంది. మేము మాత్రం పుణ్యంలో పోటీపడ్డాము, సహకరించుకోలేదు.

చెమ్మాడ్‌లో నా విద్యార్థిని కలిశాను. పుంగనూరులోనూ దారుల్ హుదా శాఖ ఉందనీ, అక్కడి నుండి వచ్చిన తెలుగు పిల్లలు తనకు మిత్రులనీ సంతోషంగా చెప్పాడు. పంజాబు నుండి మలబారుకు వచ్చిన మేలు, మలబారు నుండి మన గడ్డకు నడిచి వస్తున్నట్లు తోచింది.

తిరిగి వచ్చాక మూడు సంఘాలవారినీ మద్రసా చాపపై కూర్చోబెట్టాను. ముందుగా నా తప్పు ఒప్పుకున్నాను. "ఎవరి బ్యానరు కింద ఇస్తాము?" అని ఒకరు అడిగారు. ఆ ప్రశ్నకే రెండు సమావేశాలు పట్టాయి. ఒక సంఘం ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. మిగిలిన ఇద్దరితో ఒక పుస్తకం తెరిచాము. ఒక్కొక్క బిడ్డకు ఒక పేజీ. తల్లి ఉన్న బిడ్డ తల్లి దగ్గరే ఉండి చదవాలన్నది మొదటి నియమం. జకాత్, సదఖా సొమ్ములకు వేరువేరు ఖానాలు. బిడ్డకు అందినది ఒక వైపు, అందవలసినది మరో వైపు.

మొదటి పేజీ ఆ అమ్మాయిదే. అందవలసిన వైపు ఆటో కిరాయి అని రాశాము. ఇప్పుడు ఆమె ఎనిమిదవ తరగతి చదువుతున్నది. ఒక సంవత్సరం వెనుకబడింది. ఆ సంవత్సరం లెక్క నా పేరు మీద ఉంది. అల్లాహ్ క్షమించుగాక! మన చేతులను కలుపుగాక! ఆమీన్.