క్రమం తప్పిన పట్టిక



మాదాపూర్‌లో, సైబర్ టవర్స్‌కు సమీపాన గల ఒక చిన్న ఆలయంలో నేను అర్చకుడను. గత ఆశ్వయుజంలో ఒక వృద్ధమాత వచ్చి, “అయ్యగారూ, నిన్న మా వారి పేరిట అర్చన జరిగిందా?” అని అడిగారు. శాశ్వత పూజల పట్టికలో ఆ నామమే లేదు. పాత పట్టిక నుండి కొత్త దానిలోకి పేర్లు ఎక్కించినవాడను నేనే, లోపం నాదే. ఇంకా ఎందరి నామాలు జారిపోయాయో అన్న చింతతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆలయానికి వచ్చే ఒక సాఫ్ట్‌వేర్ యువకుడు రెండు పట్టికలపై ‘కామ్’ అనే ఆజ్ఞను ప్రయోగించాడు. లినక్స్‌లోనూ, మ్యాక్‌లోనూ అది ఉంటుందట. అది రెండు పట్టికల మొదటి పేర్లను పోలుస్తుంది. సమానమైతే ఉభయసాధారణమని మూడవ వరుసలో చేరుస్తుంది. కాకుంటే, క్రమంలో ముందుండవలసినది ఆ ఒక్క పట్టికకే చెందినదని నిర్ణయించి ముందుకు సాగుతుంది. వెనుకకు మరలి చూడదు.

అయితే ‘క్ష’కారంతో మొదలయ్యే ఇంటిపేర్లు రెండింటిలోనూ ఉండి కూడా లేనట్లే కనిపించాయి! బాల్యంలో నేర్చిన వర్ణమాలను అనుసరించి పాత పట్టికలో నేను ‘క్ష’ను చివర ఉంచాను, కొత్త పట్టికను పేర్చిన యంత్రం దానిని ‘క’కారంలోనే ఉంచింది. “క్రమం ఒకటే కావాలి, అయ్యగారూ” అంటూ అతడు, ‘ఎల్‌సీ_ఆల్=సీ’ అని ముందుంచి, ‘సార్ట్’తో రెండింటినీ పేర్చాడు. అదే నియమంతో ‘కామ్’కు ‘-23’ చేర్చి, రెండు, మూడు వరుసలను మరుగుపరచాడు. పాత పట్టికలో మాత్రమే ఉన్న 11 నామాలు మిగిలాయి. వాటిలో 4 కేవలం అక్షరభేదాలు. ‘సుబ్రహ్మణ్యం’లో హకారం లోపిస్తే యంత్రానికి అతడు వేరొకడే. తక్కిన 7 నిజంగా విస్మృతులు.

“ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడు” అన్న వేదాంత దృష్టాంతం మీకు తెలిసినదే. అక్కడ భిన్నమైన దేశకాలాలను విడిచి, ఉభయసాధారణమైన వ్యక్తిని గ్రహిస్తాము. అది మూడవ వరుస. అక్షరభేదాన్ని విడిచి మనిషిని గుర్తించడం యంత్రానికి చేతకాదు. ఆ 4 నామాలను నేనే కూర్చుని పోల్చుకోవలసి వచ్చింది. కాని జ్ఞానికి మూడవ వరుస ఎంతటిదో, సేవకునికి మొదటి వరుస అంతటిది. తప్పిపోయినవారు ఉండేది అక్కడే.

మరునాడు ఆ 7 కుటుంబాలకు ఫోను చేసి క్షమాపణ కోరి, ప్రాయశ్చిత్త సంకల్పంతో అర్చనలు జరిపాను. భర్త గోత్రనామాలు చెవిన పడగానే ఆ వృద్ధమాత చేతులు జోడించారు. నేను మాత్రం తలయెత్తి ఆమెను చూడలేకపోయాను.

స్వస్తి.