మృగశిరనాఁటి కోఠి : చేపజన

భాగ్యనగరమున కోఠియను పేరు ఒక మేడవలనఁ గలిగినది. ఆంగ్లేయ ప్రతినిధియగు కిర్క్‌పాట్రిక్కు 1803 ప్రాంతమున కట్టింప నారంభించిన యా సౌధమున 1949 నుండి స్త్రీల కళాశాల నడచినది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేర మహిళావిశ్వవిద్యాలయమై యున్నది. ఎత్తైన యా స్తంభములను గన్నులారఁ జూచి, సుల్తానుబజారు దాఁటి, మేము బేగంబజారు చేపల యంగడికిఁ బోయితిమి.

అది మృగశిర కార్తె. జూన్ 8వ తేదీ ప్రాంతమున నది ప్రవేశించును. ఆ దినమున చేప తినవలెనను నాచారము తెలంగాణమున మిక్కిలి గాఢము. నాంపల్లి ప్రదర్శన మైదానమున బత్తిని వారు కొఱమీను పిల్లనోట మందుంచి యాయాసరోగులచే మ్రింగించుటయు నప్పుడే. దాని గుణమును వైద్యశాస్త్రము నిరూపింపలేదు. ఐనను జనులు తండోపతండములుగా వత్తురు.

అంగడిలో నొక బెస్తయువతి, “కడుపు నిండ జన ఉన్నదమ్మా, తీసుకపో” యని పెద్దచేప నెత్తి చూపినది. జన యనఁగా గ్రుడ్లతిత్తి. పలువు రిండ్లలో దానిని వేఁపుడు చేయుదురు. అమెరికాలో ఆరెగాను, వాషింగ్టను ప్రాంతములవారు సాల్మను చేప జనను ఊరవేసి గాలమునకు ఎరగాఁ గూర్తురు. పద్ధతి సులభమే. తిత్తి చిరుగకుండఁ దీసి, నెత్తురు తుడిచి, తునుకలు చేసి, ఉప్పు, చక్కెర, వెలిగారము చల్లి గాజుసీసాలోఁ జల్లనిచోట నుంతురు. ఉప్పువలన మొదట నీరూరును. పిదప గ్రుడ్లు కొంత నీటిని మరల పీల్చుకొని గట్టిపడును. తరువాత గుడ్డపై నారఁబెట్టుదురు. సాల్మను గ్రుడ్లు బఠానీలవంటివి. మన రోహు గ్రుడ్లు మిక్కిలి సన్నములు గనుక పలుచని వలగుడ్డలో మూటఁగట్టినఁగాని గాలమున నిలువవు. వెలిగారము తినరానిది. సోదరీమణులారా, ఆ సీసాను వంటసామానులతోఁ గలుపక, పిల్లలకందనిచోట నుంచుఁడు.

ఆరెగానులో నొక వింత తెలియవచ్చినది. కొందరు ఎరలోఁ గలుపు సల్ఫైటు లవణమువలన, ఆ గ్రుడ్లు తినిన సాల్మను పిల్లలే చచ్చుచున్నవని పరీక్షలలోఁ దేలినది. తల్లి గర్భమునుండి తీసినది బిడ్డలకే విషమగుట యెంత దారుణము!

మన చెఱువులలోఁ బెంచు రోహు, బొచ్చె నిలువనీట సహజముగా గ్రుడ్లు పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి పీయూషగ్రంథి రసము నెక్కించి ఇట్టి చేపలచే గ్రుడ్లు పెట్టించిన పిదపనే పెంపకము వ్యాపించినది. కావునఁ బెంచిన చేప జనను వాడుటవలన చెఱువు సంతతికి లోపము రాదు. కొఱమీను మాట వేఱు. అది చెఱువుననే నాచులో గూడు కట్టి, పిల్లలను వెన్నంటి కాచుకొనును. పక్షి స్పర్శచేతను, మత్స్యము చూపుచేతను, తాఁబేలు తలంపుచేతను సంతతిని సాఁకునని పెద్దలు చెప్పుదురు. కొఱమీనును జూచినచో నా మాట యూరక పుట్టలేదని తోఁచును.

కాఁబట్టి తొలకరినాళ్ల నేటిచేపను, చెఱువు కొఱమీనును విడిచి, పెంపకపుఁ జేపను గొనుట గృహిణులకు మేలు. ఆచారమును జెల్లును, వచ్చు నేఁటికిఁ జేపయు మిగులును.