బ్యాటరీ బాగానే ఉందంటే నమ్మేయకండి!

గ్యాస్ సిలిండర్ కాస్త ఊపి చూసి, ఇంకెన్నాళ్లు వస్తుందో చెప్పేస్తాం. మినప్పప్పు పాతదో కొత్తదో చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతుంది. అదే బండి బ్యాటరీ దగ్గరికొచ్చేసరికి మాత్రం "అవన్నీ మగవాళ్లకు తెలుస్తాయిలే" అని ఊరుకుంటాం కదూ! స్కూటర్ అయినా మోటార్ సైకిల్ అయినా రోజూ నడిపేది మనమే అయినప్పుడు ఈ సంగతి కాస్త తెలుసుకుంటే డబ్బూ మిగులుతుంది, దారి మధ్యలో నిలబడే అవస్థా తప్పుతుంది.

మాది జమ్మికుంట. నేను పని చేసే బడి ఊరికి దూరం. పత్తి సీజన్‌లో మా రోడ్ల సంగతి మీకు తెలియనిది కాదు. మార్కెట్ యార్డుకు వచ్చే ట్రాక్టర్లు, వ్యాన్లు వరుస కట్టి ఉంటాయి. డిసెంబరు నెల, మసక చీకటి. అలాంటి వేళ బండి ఆగిపోయి సెల్ఫు నొక్కితే 'టక్' మని ఊరుకుంది. కిక్కు లేని బండాయె! వెనక నుంచి హారన్లు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి పక్కకు తోసుకున్నాను. నెలలో ఇలా మూడుసార్లు.

మెకానిక్ మీటరు పెట్టి, "12.6 చూపిస్తున్నదక్కా, బ్యాటరీ మంచిగనే ఉన్నది" అన్నాడు. రిలే మార్చాడు, సెల్ఫు మోటారు విప్పి బిగించాడు. పద్దెనిమిది వందలు అయ్యాయి గానీ రోగం మాత్రం పోలేదు.

చివరికి బ్యాటరీలకు చార్జింగ్ పెట్టే ఒక పెద్దాయన, మీటరు తీగలు బ్యాటరీ మీదే ఉంచి "ఇప్పుడు సెల్ఫు నొక్కు బిడ్డా" అన్నాడు. నొక్కాను. 12.6 కాస్తా చటుక్కున 7కి పడిపోయింది! వేలు తీయగానే మళ్లీ మెల్లగా 12 దాటింది. "చూసినవా, ఊకె కూసున్నప్పుడు మంచిగనే ఉంటది. పని జెప్తెనే దీని బలమెంతో తెలుస్తది" అన్నాడాయన.

అడుగున సగానికి పైగా ఒండ్రు పేరుకున్న బిందెను ఊహించుకోండి. పై నుంచి చూస్తే నీళ్లు అంచు దాకా ఉంటాయి. వంచితే రెండు చెంబులే! మీటరు చూపే వోల్టులు ఆ నీటిమట్టం లాంటివి. లోపల ఎంత ఉందో చెప్పవు. పైగా మీటరు తీసుకునే కరెంటు ఏమంత లేదు. సెల్ఫు మోటారు మాత్రం పదుల ఆంపియర్లు లాగుతుంది.

12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కో గది సుమారు 2.1 వోల్టులు. ఒక గది పూర్తిగా షార్ట్ అయితే మీటరే 10.5 చూపించి పట్టిచ్చేస్తుంది. కానీ సీసం పలకల మీద సల్ఫేటు గట్టిగా పేరుకున్నా, లోపలి అతుకు పగిలినా, మీటరు మామూలుగానే చూపిస్తుంది. ఎండాకాలం 45 డిగ్రీల వేడి లోపల పలకల్ని తినేస్తుంది. ఆ బలహీనత చలికాలంలో బయటపడుతుంది.

మరి ఎలా కనిపెట్టాలి? ఇవి గుర్తుంచుకోండి.

* ముందు ఫుల్ చార్జ్ చేయించి, కొన్ని గంటలు ఊరికే ఉంచండి. చార్జింగ్ తీసిన వెంటనే చూస్తే అంకె ఎక్కువగా కనిపిస్తుంది.
* మీటరు పెట్టి మూడు నాలుగు సెకన్లు సెల్ఫు నొక్కండి. 10 దగ్గర నిలబడితే మంచిదే. 9 కిందికి జారిపోతే అనుమానించండి.
* అంకె 12 మీదే ఉండి సెల్ఫు తిరగకపోతే తప్పు బ్యాటరీది కాదు, తీగలదో రిలేదో మోటారుదో.
* కొత్తది కొనేముందు మంచి బ్యాటరీ ఒకటి పెట్టి చూపించమనండి. అప్పుడు బండి లేస్తే ఇక సందేహం లేదు.
* ఇంజన్ కాస్త రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే చార్జింగే లేదన్నమాట. కొత్త బ్యాటరీ కూడా చచ్చిపోతుంది!

మీటరు లేదా? తాళం తిప్పి సెల్ఫు నొక్కినప్పుడు మీటర్ బోర్డు లైట్లు మసకబారి, 'టక టక' మంటే అదీ గుర్తే. అయితే బోల్టు వదులైనా, టెర్మినళ్లకు తెల్లటి పొడి పట్టినా ఇలాగే అవుతుంది. ముందు నెగటివ్ తీగ విప్పి, వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచి, ఆరాక వాజలిన్ రాయండి. ఈ పని చేసేటప్పుడు గాజులు, ఉంగరాలు తీసేయండమ్మా! స్పానర్‌తో పాటు గాజు రెండు కొనలకూ తగిలితే చేయి కాలుతుంది. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి, కుళాయి నీళ్లు పనికిరావు.

పాతదాన్ని ఇంట్లో పెట్టుకోకండి. సీసం పిల్లలకు విషం. 2022 నాటి నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు చెత్తలో వేయకూడదు. షాపులో ఇచ్చేస్తే దాని ఖరీదు కొంత తగ్గిస్తారు కూడా.

ఇకమీదట ఎవరైనా మీటరు చూపించి "మంచిగనే ఉన్నది" అంటే, తొందరపడి డబ్బు తీయకండి. "సెల్ఫు నొక్కి చూపియ్యి తమ్మీ" అని అడగండి!